ల్యాంపు బాగుంది, మనిషే రిపేరు

నేను ఆరో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి అది నాకు అర్థం కాలేదు, రెండోసారి నేను పంతులుకు అర్థం కాలేదు. ఇద్దరం మర్యాదగా విడిపోయాం. ఇప్పుడు డిగ్రీలు పట్టుకుని బాయి పనిలో చేరుతున్న పిల్లలు మా ఇంటి ముందు ఆగి "కాకా, మీ కాలం ముచ్చటొకటి చెప్పు" అంటుంటారు. వాళ్ళకు కావలసింది పైకప్పు కూలిన కథ, నీళ్ళు కమ్మిన కథ. అలాంటివి చెప్పడానికి నాకంటే బాగా అబద్ధాలాడేవాళ్ళు గోదావరిఖనిలో చాలామంది ఉన్నారు. నా దగ్గర ఉన్నది ఒక రిజిస్టరులో ఒక చిన్న గడి కథ.

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారని మీకు తెలుసు. నేను పన్నెండేళ్ళు బాయి లోపల బొగ్గు టబ్బులు నింపాను. ఒకరోజు టబ్బు నిండింది, నా నడుం ఖాళీ అయింది. దవాఖానలో చూసి లైట్ డ్యూటీ రాశారు. తేలిక పని అన్నమాట అని సంబరపడ్డాను. తీరా వెళితే అది నిజంగానే లైట్ల డ్యూటీ. ల్యాంపు రూములో వేశారు.

లోపలికి దిగే ప్రతి మనిషి మా కిటికీ దగ్గర తన ఇత్తడి టోకెను ఇచ్చి టోపీకి పెట్టుకునే ల్యాంపు తీసుకుంటాడు. షిఫ్టయ్యాక ల్యాంపు ఇచ్చి టోకెను తీసుకుంటాడు. మేకుకు టోకెను వేలాడుతుంటే మనిషి లోపల ఉన్నట్టు, ల్యాంపు వేలాడుతుంటే పైన ఉన్నట్టు. ఇంట్లో భార్యకు మొగుడు ఎక్కడున్నాడో తెలియకపోవచ్చు గానీ మాకు తెలుస్తుంది. మాకు మనుషుల పేర్లతో పని లేదు, నంబర్లే. అందుకే ఈ కథలో ఎవరి పేరూ రాయడం లేదు. మర్యాద కొంత, నిజంగా గుర్తులేకపోవడం కొంత.

ల్యాంపు రూముకు పెద్ద మా చాచా. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో మాత్రం మా తెలుగే. పని నేర్పిన మొదటి రోజే ఒక రిజిస్టరు నా ముందు పడేశాడు. షిఫ్టు మధ్యలో ఎవరి ల్యాంపు అయినా చెడిపోతే అది తీసుకుని ఇంకొకటి ఇస్తాం. ఆ సంగతి ఆ పుస్తకంలో రాయాలి. నంబరు, టైము నేను రాయాలి. వచ్చిన ల్యాంపును పరీక్షించి బాగుందో లేదో చాచా తన చేత్తో రాస్తాడు. చివర్లో రిమార్కు అని ఒక గడి.

"మియా, ఆ గడి ఖాళీ ఉంచకు" అన్నాడు చాచా. "ఖాళీ గడి జూస్తే ఆఫీసర్లకు షక్ వస్తది. ఏదన్న రాయి."

"ఏం రాయాలె చాచా?"

"ఏమన్న రాయి. మాట్లాడింది గాలికి పోతది, రాసింది నిలుస్తది."

ఆరో తరగతి తప్పినవాడికి గడి ఇచ్చి ఏమన్నా రాసుకో అంటే ఏమవుతుంది? కోతికి కొబ్బరికాయ దొరికింది. 'వైరు తెగింది, మనిషికి తెగువ లేదు' అని ఒకడి మీద రాశాను. 'ల్యాంపు కింద పడ్డది, మనిషి నిన్ననే పడ్డడు' అని కల్లు బాగా తాగే ఇంకొకడి మీద రాశాను. ఆ పుస్తకం తిరగేసే ఆఫీసరు ఏడాదికి ఒకసారి కూడా రాడు. వచ్చినా నంబర్లు చూసి సంతకం పెట్టి పోతాడు. నా పాఠకులు ముగ్గురే: నేను, చాచా, ఆ తర్వాత వచ్చిన మా చెల్లె.

చెల్లె అంటే తోడబుట్టింది కాదు. లోపల బండ పడి పెనిమిటి పోతే ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఆడవాళ్ళను బాయి లోపలికి దింపకూడదని చట్టం. పైన కూడా పొద్దున్నుంచి పొద్దుగూకేదాకే డ్యూటీ వెయ్యాలని చట్టం. అందుకని ల్యాంపులు తుడిచి చార్జింగుకు పెట్టే పని ఇచ్చారు. లోపలి చీకటి గురించి చట్టం అంత జాగ్రత్తగా ఆలోచించింది. పైన పట్టపగటి వెలుతురులో ఏం జరుగుతుందో దానికి అప్పటికింకా ఎవరూ చెప్పినట్టు లేదు.

పదో తరగతి పాసైన మనిషి. వచ్చిన వారానికే రిజిస్టరు మొత్తం చదివి నా దగ్గరికొచ్చింది.

"అన్నా, మంచిగనే రాస్తున్నవ్ గని, కొన్ని జోకులకు చార్జింగ్ తక్కువున్నది."

ఆరోజే అనుకున్నాను, ఈమెతో మనకు కుదురుతుందని.

ఇక నలభయ్యో నంబరు సంగతి. ఆయన ఓవర్‌మెన్. అంటే లోపల ఒక భాగానికి షిఫ్టంతా పెద్ద దిక్కు. అక్కడి గాలి, కప్పు, మనుషుల ప్రాణాలు ఆయన పూచీ. తెల్లగా ఇస్త్రీ చేసిన బట్టలతో వచ్చి, అంతే తెల్లగా ఇంటికి వెళ్ళే విద్య తెలిసినవాడు. చెల్లె వచ్చిన నెలకు ఆయన ల్యాంపుకు ఏదో జబ్బు పట్టుకుంది. పదిన్నర, పదకొండు అయ్యేసరికి డిమ్ అయ్యేది. డిమ్ అయితే మనిషి చేతికిచ్చి పంపితే చాలు. ఈయన మాత్రం అంత ఎత్తు ఎక్కి, చెమటలు కక్కుతూ స్వయంగా వచ్చేవాడు. కిటికీ దగ్గర ఆగేవాడు కాదు. తలుపు తోసుకుని లోపలికి పోయేవాడు.

"ఏమే, నువ్వు తుడిచిన ల్యాంపే గావాలె నాకు. చూసి ఇయ్యి."

చార్జింగు స్టాండ్ల మధ్య సందు చాలా ఇరుకు. ఒకరు నడిస్తే ఇంకొకరు ఆగాలి. ఈయన ఆగేవాడు కాదు. చాచా ల్యాంపు పరీక్షించి ప్రతిసారీ 'బాగుంది' అని రాసేవాడు. నేను పక్క గడిలో రాశాను: 'ల్యాంపు బాగుంది. మనిషే రిపేరు.'

ఆ ముక్క నాకే బాగా నచ్చింది. చెడిన ల్యాంపులు మార్చుకోవడానికి కిటికీ దగ్గర లైనులో నిలబడ్డవాళ్ళకు కూడా చెప్పాను. ఒక్కటే నవ్వు. తర్వాత నుంచి ఆయన వస్తే చాలు, లైను చెవులు రిక్కించేది. నేను నిరాశ పరచలేదు. 'ల్యాంపు డిమ్ కాదు, చూపు డిమ్.' 'ఈ వారం మూడోసారి. బ్యాటరీకి కాదు, కాళ్ళకు చార్జింగు ఎక్కువైంది.' ఒకరోజు మరీ మంచి హుషారులో ఉండి రాశాను: 'పువ్వు ఉన్న చోటికి తుమ్మెద రాక తప్పుతుందా!'

ఇది గుర్తుపెట్టుకోండి. దీని సంగతి తర్వాత వస్తుంది. నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

నా లెక్కలో నేను ఆయనను ఏడిపిస్తున్నాను. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఏడవలేదు. నవ్వు వినబడితే మీసం దువ్వుకునేవాడు. పెళ్ళికొడుకును ఆటపట్టిస్తే మొహం ఎట్లా వెలుగుతుందో అట్లా వెలిగేది. ఇది నాకు అప్పుడు తట్టలేదు. రెండుసార్లు చదివినా ఆరో తరగతి తప్పింది ఊరికే కాదు.

ఒకరోజు పదకొండు గంటలకు ఆయన రూము లోపలికి పోయాడు. కాసేపటికి దబ్బుమని చప్పుడు. బ్యాటరీ కిందపడి పగిలింది. నేను తల తిప్పకుండా కిటికీలోంచే లైనుతో అన్నాను: "సారు వస్తే ల్యాంపులే గాదురా, బ్యాటరీలు గూడ కాళ్ళ మీద పడుతున్నయి!"

లైను ఘొల్లున నవ్వింది. ఆయన కొత్త ల్యాంపు భుజాన వేసుకుని, నవ్వుతూ, నా వీపు తట్టి మరీ వెళ్ళాడు.

చెల్లె నల్లా కింద కాలు పెట్టి కడుక్కుంటోంది. బ్యాటరీలో ఉండేది యాసిడ్. చీర అంచు జల్లెడ అయింది, పాదం మీద ఎర్రగా పొక్కింది. చాచా సబ్బు కోసం పరుగెత్తాడు. నేను పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"అన్నా, ఒకటి అడుగుత. నవ్వకుంట చెప్తవా?"

"అడుగు చెల్లె."

"ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడల్లా నేను వద్దంట. అప్పుడే కిటికీ కాడ నవ్వుతరు. నా మాట ఆ నవ్వుల మునిగిపోతది. ఆయనకు నీ నవ్వే వినపడ్తది, నా మాట వినపడదు." కాలు తుడుచుకుని లేచింది. "నువ్వెవలి దిక్కు అన్నా?"

నా నోరు అంతవరకు ఫ్యూజు పోని బల్బు. ఆరోజు పోయింది.

రిజిస్టరు ముందు కూర్చున్నాను. నంబరు నలభై, టైము పదకొండు రాశాను. చాచా ఎప్పట్లాగే 'బాగుంది' అని రాశాడు. రిమార్కు గడి దగ్గర కలం ఆగిపోయింది. చివరికి ఇట్లా రాశాను: 'బ్యాటరీ పడి పగిలింది. ఆమె కాలు కాలింది. ఆయన ల్యాంపు రూముల ఉన్నడు.' దాంట్లో నవ్వొచ్చేది ఏమీ లేదు. చాచా చదివి పుస్తకం మూశాడు.

తర్వాత కొన్నాళ్ళకు ఆఫీసు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. సుప్రీంకోర్టు ఏదో పెద్ద తీర్పు ఇచ్చిందని, పనిచేసే చోట ఆడవాళ్ళ ఫిర్యాదులు వినడానికి కమిటీ వెయ్యాలని. గుంపు చేరింది. చదివి చెప్పమని నన్ను ముందుకు తోశారు. 'లైంగిక వేధింపుల' అనే మాట నేను అప్పటిదాకా ఎక్కడా చూడలేదు. తడబడకుండా ధైర్యంగా చదివాను.

"లైనింగ్ వేధింపుల కమిటీ."

"లైనింగ్ ఏందే?" అన్నాడొకడు.

"జాకెట్లకు టైలరు లైనింగ్ సక్కగ వెయ్యకుంటే ఆడోళ్ళు ఫిర్యాదు చెయ్యొచ్చట."

"మరి మా ప్యాంట్లకు ఏ కోర్టు?"

అందరం నవ్వుకుంటుంటే వెనక నుంచి చెల్లె గొంతు వినిపించింది. "లైనింగ్ గాదన్నా, లైంగిక."

"అంటే?"

"ఆయన చేసేది."

బోర్డు ముందు గుంపు ఎంత తొందరగా పలచబడిందో! వర్షం పడినా అంత తొందరగా కదలరు మా వాళ్ళు.

మర్నాడు చెల్లె ఫిర్యాదు రాసింది. ఒక్క పేజీ. అందులో ఆ పెద్ద మాట లేనే లేదు. 'చెయ్యి పట్టుకున్నడు. వద్దన్న. మళ్ళ పట్టుకున్నడు. సందుల అడ్డం నిలబడ్డడు. బ్యాటరీ పడ్డది, కాలు కాలింది.' తేదీ, టైము, సంతకం. నేను రాసిన ఇన్ని ముక్కల్లో అంత పదునైనది ఒక్కటీ లేదు.

కాగితం వెళ్ళిందో లేదో మా యూనియన్ నాయకుడు ఒకాయన శాంతిదూతగా దిగాడు. సమ్మెల్లో మైకు లేకుండా రెండు గంటలు మాట్లాడగలిగిన మనిషి. చెల్లె ముందు గొంతు తేనెలో ముంచి మాట్లాడాడు.

"ఎందుకమ్మా లొల్లి? నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు. నిన్ను కమాన్‌పూర్ దిక్కు ఓపెన్‌కాస్టు గనికి పంపిస్త. ఆడ క్యాంటీన్ల పని, నీడ పట్టున ఉంటవ్. కాగితం వాపస్ తీసుకో."

"తప్పు జేసింది ఆయన, బస్సెక్కేది నేనా?"

నాయకుడు కండువా సర్దుకుని లేచాడు. వెళ్తూ వెళ్తూ, ఫిర్యాదు నిలవకపోతే ఎట్లాగూ బదిలీ తప్పదని ఒక మాట జారవిడిచాడు. అంటే విషయం తేలిపోయింది. కమిటీ నమ్మితే చెల్లె ఇక్కడే ఉంటుంది. నమ్మకపోతే చెడ్డపేరు మూటగట్టుకుని బస్సెక్కుతుంది.

సాక్షిగా నన్ను రాసింది. "చెల్లె, నేను ఆరో తరగతే పాస్ గాలే. నా సాక్ష్యం పాసయితదా?" అని తప్పించుకోబోయాను. ఆమె నవ్వలేదు. అంతలో నలభయ్యో నంబరు కిటికీ దగ్గరికి వచ్చి, మొదటిసారి లోపలికి పోకుండా బయటే నిలబడి, మెల్లగా అన్నాడు: "ఏం జోకర్, నడుం ఎట్లున్నది? మంచిగయిందంటే చెప్పు, మళ్ళ లోపలికి దింపమని మేనేజర్‌కు చెప్త."

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నడుం నిజంగానే నొప్పి పెట్టింది.

విచారణ జరిగింది శిక్షణ కేంద్రంలో, పొద్దున పది గంటలకు. గోడ నిండా హెల్మెట్ల బొమ్మలు. కమిటీకి పెద్ద మా దవాఖాన డాక్టరమ్మ. సగానికి తగ్గకుండా ఆడవాళ్ళే ఉండాలని, బయటి మనిషి ఒకరుండాలని తీర్పులోనే ఉందట. ఆ బయటి మనిషి కరీంనగర్ నుంచి వచ్చిన వకీలమ్మ. ఆమె ముందు చెల్లెకు ఒక మాట చెప్పింది: "బిడ్డా, ఆడమనిషి ఇజ్జత్ మీద చెయ్యి వేస్తే జైలుకు పంపే చట్టం ముందు నుంచే ఉన్నది. పోలీసుల కాడికి పోవుడు నీ ఇష్టం, ఎప్పుడైనా పోవచ్చు. ఇది నీ డ్యూటీ కాడ న్యాయం. రెండూ నీయే." చెల్లె తలూపింది.

నలభయ్యో నంబరు మాట సూటిగా ఉంది. "ఆ దినం నేను పైకే రాలే. షిఫ్టంత లోపలనే ఉన్న."

డాక్టరమ్మ మా రిజిస్టరు తెప్పించింది. ఆయన పక్షాన మాట్లాడటానికి వచ్చిన నాయకుడు పుస్తకం చూసి మొహం వెలిగించుకున్నాడు.

"అమ్మా, ఇది రికార్డు గాదు, జోకుల పుస్తకం. మీరే వినుండ్రి." ఒక్కొక్కటి గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. వైరు, తెగువ. కల్లు. డిమ్ చూపు. మంచి గొంతు ఆయనది. నా జోకులు అంత బాగా ఎవరూ చదవలేదు. ఒక్కరూ నవ్వలేదు. జోకు వేసి నవ్వు రాకపోతే ఎట్లా ఉంటుందో ఆ బెంచీ మీద కూర్చుని పది నిమిషాలు అనుభవించాను. చివరికి ఆయన పేజీ తిప్పి, ఆగి, గెలిచిన మొహంతో చదివాడు.

"'పువ్వు ఉన్న చోటికి తుమ్మెద రాక తప్పుతుందా!' ఇగో, వాళ్ళ సాక్షే రాసిండు. అంటే ఏంది? ఇది ఇద్దరికి ఇష్టమున్న ముచ్చట!"

చెల్లె నా దిక్కు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఆరోజు నల్లా దగ్గర అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగినట్టు చూసింది.

నేను లేచి నిలబడ్డాను. నోట్లో అలవాటుగా ఒక జోకు తయారుగా ఉంది. మింగాను. చేదుగా ఉంది.

"అమ్మా, ఆ మాట నేను ఆమెను అడిగి రాయలే. ఆమె పువ్వు గాదు. జనరల్ మజ్దూర్, మా లెక్క కార్మికురాలు. తప్పు నాది, నా మీద కాగితం రాయుండ్రి."

చెల్లె కూర్చున్న చోటి నుంచే అంది: "పువ్వో ముల్లో, నేను వద్దన్న. గది రాసుకోండ్రి."

వకీలమ్మ రాసుకుంది. డాక్టరమ్మ పుస్తకం తన ముందుకు లాక్కుంది. పేజీలు తిప్పి చూసింది.

"ఇన్నిటిల నవ్వులాట ఉన్నది. ఆ రోజుది మాత్రం వేరే తీరుగ ఉన్నదేంది? 'ఆమె కాలు కాలింది. ఆయన ల్యాంపు రూముల ఉన్నడు.' ఇట్ల ఎందుకు రాసినవ్?"

"ఆ రోజు నాకు జోకు రాలేదమ్మా."

తలుపు దగ్గర నిలబడ్డ చాచా గొంతు సవరించుకున్నాడు. "పక్క గడిల 'బాగుంది' అన్నది నా దస్తూరి అమ్మా. ల్యాంపు నా చేతికి రాకుంట నేను రాయను. ల్యాంపుకు కాళ్ళు లెవ్వు, పైకి ఒక్కతే నడిచి రాలే, ఆయనే తెచ్చిండు. నలభయ్యో నంబరు దినాం ఎందుకొస్తుండో మావోడు రాసిండు. వచ్చిండన్న మాట నేను రాసిన."

వకీలమ్మ వేలితో గడులు లెక్కపెట్టింది. పదకొండుసార్లు వచ్చాడు. పదకొండుసార్లూ ల్యాంపు బాగుంది. నాయకుడు పుస్తకం మూయబోయాడు. వకీలమ్మ తన చెయ్యి మధ్యలో పెట్టింది.

తీర్పు వచ్చేసరికి ఇరవై రోజులు పట్టింది. నలభయ్యో నంబరును ఒక మెట్టు దించి వేరే ఊరికి పంపారు. చెల్లె ల్యాంపు రూములోనే ఉంది. బస్సు ఎవరు ఎక్కాలో వాళ్ళే ఎక్కారు. మేనేజరుకు మాత్రం ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నదానికంటే షిఫ్టు మధ్యలో మనుషులను లోపల వదిలేసి పైకి వచ్చాడన్నదే పెద్ద నేరంగా కనిపించిందని విన్నాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదట. మొదటి పేరాలో చెల్లె మాట, రెండో పేరాలో ఆ మాట రాయించిందట. పేరాలు అటు ఇటు అయితే ఏమైందని మీరు అనొచ్చు. పువ్వును మజ్దూర్‌గా దిద్దుకున్నవాణ్ణి, నాకు తెలుసు ఏమవుతుందో.

నాకు కూడా ఒక మెమో వచ్చింది. 'అధికారిక రిజిస్టరులో అనుచిత వ్యాఖ్యలు రాసినందుకు హెచ్చరిక.' నేను రాసినది మొత్తం చదివి ఆఫీసు అభిప్రాయం చెప్పడం అదే మొదలు, అదే చివర. లోపలికి మాత్రం దింపలేదు.

జోకులు మానేశానా అంటే మానలేదు. మానితే చాచా నన్ను దవాఖానకు పంపేవాడు. ఒక పద్ధతి మాత్రం పెట్టుకున్నాను. తిరిగి జోకు వెయ్యగలిగినవాడి మీదే జోకు. కిటికీకి ఇవతల ఎవరైనా "వద్దు" అంటుంటే నా నోరు బంద్. కొత్తగా చేరిన పిల్లలారా, మీకు ఇప్పుడు పెద్ద పెద్ద చట్టాలు వచ్చాయి, కమిటీలు వచ్చాయి, గోడ మీద ఫోను నంబర్లు రాసి ఉంటాయి. మంచిదే. కానీ ఆ గది లోపల ఏం జరుగుతున్నా బయట లైను నవ్వుతూ ఉంటే, కాగితం వచ్చేదాకా ఆమె ఒక్కతే. ఈ ముక్క చెప్పడానికి నాకు రిజిస్టరులో ఒక గడి చాలలేదు.

రెండేళ్ళకు నేను రిటైరయ్యాను. చాచా అప్పటికే దిగిపోయాడు. రిజిస్టరు చెల్లె చేతిలో ఉంది. లైట్ డ్యూటీకి వచ్చినా నా పాత టోకెను నా దగ్గరే ఉండిపోయింది. చివరి రోజు అది అప్పజెప్పి పోవాలి. లైనులో అందరిలాగే నిలబడి కిటికీలోంచి ఇచ్చాను. ఆమె నంబరు రాసింది, టైము రాసింది. రిమార్కు గడి దగ్గర ఆగి, ఏదో రాసి, పుస్తకం నా దిక్కు తిప్పింది.

'మనిషి రిపేరయ్యిండు.'

"ఎట్లుందన్నా?" అంది.

"చార్జింగ్ జర తక్కువున్నది చెల్లె" అన్నాను. ఆమె నవ్వింది. ఆమె నవ్విన తర్వాతే లైను నవ్వింది.